తలుపు కొట్టకుండా చెప్పే మాట

మొన్న మధ్యాహ్నం ఎవరో మా తలుపు కొట్టారు. కొట్టడమంటే వేలి కణుపులతో మర్యాదగా కాదు, పిడికిలి బిగించి, గొళ్లెం ఊగిపోయేలా. నేను అప్పుడే అన్నం తిని మంచం మీద నడుం వాల్చాను. ఆ చప్పుడుకి లేచి కూర్చున్న మాట నిజమే గానీ, లేచింది ఒళ్లే, ప్రాణం ఇంకా తలగడ మీదే ఉండిపోయింది. కోడలు వెళ్లి తలుపు తీసి, సామాన్లు పంచే మనిషి దగ్గర అట్టపెట్టె పుచ్చుకుని నవ్వుకుంటూ లోపలికి వచ్చింది. పెట్టెలో క్రిస్మస్ నక్షత్రం ఉంది. ప్లాస్టిక్ నక్షత్రం. ప్లగ్గు పెడితే రంగులు మార్చుకుంటుందట, మీట నొక్కితే పాట కూడా పాడుతుందట. నా మనవరాలు ఫోనులో తెప్పించింది. నాకు ఒళ్లు మండింది. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం కోసి, మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో నక్షత్రం కట్టుకోలేని ఇంటికి తూర్పు దేశపు జ్ఞానులు ఏ ముఖం పెట్టుకుని వస్తారు? ఆ మాటే గట్టిగా అన్నాను. కోడలు పెట్టె మూసి పక్కన పెట్టింది. నేను కేకలేస్తున్నది నక్షత్రం గురించి కాదని ఆమెకి తెలుసు. మా సంఘంలో ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. అందులోనూ డిసెంబరులో అసలు కొట్టరు. ఆ సంగతి సామాన్లు పంచే మనిషికి ఎలా తెలుస్తుంది? ఈ కాలపు మా పిల్లలకే సరిగ్గా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేం పార్వతీపురం వైపు వాళ్లం. మా తాతల తరం రేవు పనికని కలకత్తా వచ్చి, ఏక్‌బాల్‌పూర్ సందుల్లో దిగి, ఇక్కడే మట్టిలో కలిసింది. వస్తూ వస్తూ ఊరి నుంచి ఇత్తడి చెంబులూ గోంగూర గింజలూ తెచ్చుకున్నట్టే లూథరన్ మతాన్నీ తెచ్చుకున్నారు. మా పక్క సందులో ఉండే తెలుగు బాప్టిస్టులు మమ్మల్ని "తల తడుపుకునేవాళ్లు" అని ఎగతాళి చేసేవారు. మాకు బాప్తిస్మమంటే తల మీద నీళ్లు పొయ్యడం, వాళ్లకి నిండా ముంచడం, కనక మేం వాళ్లని "జలుబు సంఘం" అనేవాళ్లం. పండగ వచ్చిందంటే మాత్రం అటు అరిసెలు ఇటూ, ఇటు గులాబీ పువ్వులు అటూ నడిచేవి. మాకంటూ గుడి లేదు. భవానీపూర్ వైపు ఒక బెంగాలీ సంఘం వాళ్లు తమ ఆరాధన అయ్యాక మాకు గుడి అప్పగిస్తారు. వాళ్ల చెప్పులు మెట్ల మీంచి తొలగేదాకా మేం బయట నిలబడి, ఆ తర్వాత మా చెప్పులు విడుస్తాం. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల ఆగమన కాలం వస్తే బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచి, ఆదివారానికొక కొవ్వొత్తి ముట్టిస్తాం. ఆ నాలుగు వారాలూ సంతోషించే రోజులు కావు, ఎదురుచూసే రోజులు అని అయ్యగార్లు, అంటే మా పాస్టర్లు, చెబుతారు. ఎదురుచూడటం అంటే ఏమిటో రేవు పక్కన బతికే ఆడవాళ్లకి అయ్యగార్లు చెప్పాలా?

నేను బడికి వెళ్లింది తక్కువ. ఆరాధనలో నోటికి వచ్చేసిన పాటలుంటాయి కదా, పాటల పుస్తకం తెరిచి ఆ పాట మీద వేలు పెట్టుకుని, పాడుతున్న శబ్దానికి ఏ గీత సరిపోతోందో పోల్చుకుంటూ తెలుగు నేర్చుకున్నాను. అందుకని ఇప్పటికీ నాకు కొన్ని అక్షరాలు రాగంతోనే గుర్తు. ఆ పుస్తకం మా అప్పది. అప్ప అంటే మా పెద్దక్క. ఆమెకి చదవడం రాదు, పుస్తకం మాత్రం గుడ్డలో చుట్టి దాచుకునేది. నేను చదివి వినిపిస్తే, నాకు ఎక్కడ తప్పు వచ్చిందో పుస్తకం చూడకుండానే చెప్పేది.

మా బావ, అంటే అప్ప భర్త, ఓడ అడుగున, సరుకు దించే గదిలో పనిచేసేవాడు. ఒక ఆగమన కాలంలో, క్రిస్మస్‌కి ఇంకా కొన్ని రోజులుండగా, మా అప్ప ఇంట్లో అరిసెల పిండి కలుపుతోంది. మా అరిసెలు తెలుగునాట చేసే అరిసెల్లా ఉండవు. ఇక్కడ చలికాలం రాగానే ఖర్జూరపు చెట్ల నుంచి దించే కొత్త బెల్లం వస్తుంది, బెంగాలీలు నొలేన్ గుడ్ అంటారు. దాంతో పాకం పడితే ఇల్లంతా ఒక పొగ వాసన, తేనె వాసన కలిసి పట్టేస్తాయి. ఆ వాసన మధ్య తలుపు చప్పుడైంది. ఆ రోజు సంఘం వాళ్లు పాటలతో వస్తామని కబురు పెట్టారు. వాళ్లే వచ్చారనుకుంది అప్ప. చేతులకి పిండి అలాగే ఉంచుకుని, నవ్వుముఖంతో, "రండి రండి" అంటూ తలుపు తీసింది. గుమ్మం ముందు రేవు ఆఫీసు బంట్రోతు ఉన్నాడు. తాడు తెగి బస్తాల మోపు బావ మీద పడింది.

ఆ నవ్వుముఖం సంగతి అప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. నేను చూశాను కాబట్టి నాకు తెలుసు. ఆ తర్వాత ఎవరు తలుపు కొట్టినా ఆమె ముఖం రాయి అయిపోయేది. లోపల ఉండి కూడా పలికేది కాదు. ఆ రోజుల్లో మాకున్న అయ్యగారు, ఆయనా ఇప్పుడు లేడు, మంచి మనిషి. మరుసటి సంవత్సరం పాటల గుంపు బయలుదేరే ముందు ఆయన సంఘం మొత్తానికి ఒక కట్టడి పెట్టాడు. రేవు పనివాళ్ల ఇళ్లలో తలుపు చప్పుడుకి ఆడవాళ్ల గుండె ఆగిపోతోంది, ఇకమీదట మనవాళ్లెవరూ తలుపు మీద చెయ్యి వెయ్యకూడదు, క్రీస్తు పుట్టాడని చెప్పడానికి వచ్చిన దేవదూత మొదట ఏ మాట చెప్పాడో ఆ మాటే ముందు బయట నుంచి పలకాలి, లోపలివాళ్లు తమంతట తాము తలుపు తియ్యాలి అన్నాడు. ఆ మాట "భయపడకుడి". అప్పటి నుంచి అదే ఆచారమైంది. క్రిస్మస్ ముందురోజు దీపాలు పెట్టే వేళకి గుంపు బయలుదేరుతుంది. తెల్ల బట్టలేసుకుని, రెక్కలు కట్టుకుని ఒక ఆడపిల్ల దూతగా ముందు నడుస్తుంది. మొదటి గడప మా అప్పదే. డోలు ఆగుతుంది. పిల్ల "భయపడకుడి" అంటుంది. తలుపు తెరుచుకుంటుంది. అప్పుడే పాట ఎత్తుకుంటారు. అప్ప గుమ్మంలో నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, చెక్కు చెదరని ముఖంతో పాటంతా వింటుంది. పళ్లెంలో అరిసెలు పెట్టి అందరికీ ఇస్తుంది. ఎంత గుండె ధైర్యం గల మనిషో చూడండర్రా అని సంఘం అంతా మెచ్చుకునేది. బయట నుంచి వచ్చిన అయ్యగార్లు ఆమెని ప్రసంగాల్లో కూడా వాడుకునేవారు. నాకు అది నచ్చేది కాదు. బతికున్న మనిషిని ఉదాహరణ చేసి పీఠం మీద నిలబెడితే, ఆ మనిషి ఇక కూర్చోవడం ఎలా?

ఎందుకంటే అది ధైర్యం కాదని నాకు తెలుసు. నది మీద ఓడ కూత వేస్తే ఆమె చేతిలో గరిట ఆగేది. డిసెంబరు పొగమంచులో ఆ కూతలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియదు, నది వైపు నుంచా, మన పెరట్లోంచా అన్నట్టుంటాయి. కూత ఆగాక గరిట మళ్లీ కదిలేది. కొడుకు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే బియ్యం ఏరేది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది. ఆ కొడుకు, మా మేనల్లుడు, పెద్దవాడై ఇంకే పని దొరకక రేవులోనే చేరాడు. ఓడ మీద కంటైనర్లు కదలకుండా ఇనుప కడ్డీలతో బిగించే పని. కంట్రాక్టరు కింద. అప్ప వద్దనలేదు. ఒకసారి మాత్రం నాతో, "ఇనుమేనా? బస్తాలు కాదు గదా?" అని అడిగింది. కాదన్నాను. ఇనుము బస్తా కంటే తేలికని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇద్దరం ఆ మాట అక్కడితో వదిలేశాం.

ఇక నేను చెప్పదలుచుకున్న ఏడాది సంగతికి వస్తాను. అది మరీ పాతది కాదు, నాలుగైదు క్రిస్మస్‌ల కిందటిది. ఆ ఆగమన కాలం మొదట్లోనే సంఘంలో నేను గొడవ పెట్టుకున్నాను. మా పిల్లలకి తెలుగు నోటికి వస్తుంది, కంటికి రాదు. ఇళ్లలో "ఏటి", "ఎలగ" అని చక్కగా మాట్లాడతారు గానీ, పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకుంటారు. అందుకని పాటలూ వాక్యాలూ బెంగాలీ లిపిలో రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. బెంగాలీలో "వ" లేదు, దేవుడు దేబుడైపోతాడు. "స" అంతా "ష" వైపు జారుతుంది. తెలుగు మాటకి పొరుగింటి చొక్కా తొడిగి ఊరేగిస్తారా, రేపు ఆ మాట మనింటికి వస్తే మనం గుర్తుపడతామా అని సంఘం కూటంలో లేచి అడిగాను. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన అయ్యగారు చాలా శాంతంగా, "పెద్దాయనా, పిల్లలు పలకడం ముఖ్యం కదండీ" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ ఏడు దూత వేషం నా మనవరాలికి వచ్చింది. అప్పటికి చిన్నది, ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. నేను నేర్పుతానంటే, "నువ్వు అరుస్తావు తాతా" అని తల్లి దగ్గరికి పోయింది. కోడలు ఒక చిన్న అట్టముక్క మీద బెంగాలీ అక్షరాల్లో దూత మాట రాసి పిల్ల చేతికిచ్చింది. నేను ఆ అట్టముక్క కేసి కూడా చూడలేదు.

క్రిస్మస్ ముందురోజు తెల్లారేసరికి మంచు. ఎదురింటి మేడ కనిపించలేదు. మేనల్లుడు చీకటుండగానే డ్యూటీకి వెళ్లిపోయాడు. పొద్దెక్కేసరికి వచ్చేస్తానని, వచ్చి గుమ్మానికి కాగితం తోరణం కడతానని తల్లికి చెప్పి వెళ్లాడు. పొద్దెక్కింది. మంచు పలచబడింది. వాడు రాలేదు. ఫోను చేస్తే ఆపేసి ఉందని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెబుతోంది. అప్ప అరిసెలు వండుతోంది. నేను సందు చివర టీ కొట్టుకి వెళ్లాను. ఆ కొట్టు చాచాకి రేవు వార్తలన్నీ రేవు కంటే ముందు తెలుస్తాయి. నన్ను చూడగానే ఆయన పాలు మరిగించే గిన్నె మీద నుంచి చూపు తిప్పేసుకున్నాడు. ఏమిటి చెప్పమన్నాను. ఆయన మెల్లిగా, "దాదా, డాక్ మే ఏక్ మద్రాసీ గిరా, సునా హై" అన్నాడు.

రేవులో ఒక మద్రాసీ పడ్డాడట. ఈ ఊళ్లో మా కుటుంబాలకి నాలుగు తరాలు గడిచాయి. అయినా మేం ఇంకా మద్రాసీలమే. గంజాం వాడూ మద్రాసీయే, తిరునెల్వేలి వాడూ మద్రాసీయే, పార్వతీపురం వాడూ మద్రాసీయే. జీవితమంతా ఆ మాట మీద నేను పోట్లాడాను. ఆ రోజు మాత్రం, దేవుడా, ఆ మాట ఎంత పెద్దదైతే అంత మంచిది, అందులో ఎంతమంది పడితే అంత మంచిది, మావాడు తప్ప ఇంకెవరైనా అయి ఉండనీ అని మొక్కుకున్నాను. భయం మనిషిని ఎంత కిందికి దించుతుందో ఆ టీ కొట్టు బల్ల మీద కూర్చుని చూశాను.

రేవు గేటుకి వెళ్లాను. అక్కడి కాపలావాడు కుర్చీలోంచి లేవలేదు. ఎవరైనా పడ్డారా అంటే తనకి తెలియదన్నాడు. మావాడు లోపల ఉన్నాడా బయటికి వచ్చాడా అంటే, కంట్రాక్టరు మనుషుల లెక్క తమ దగ్గర ఉండదు, కంట్రాక్టరుని అడగమన్నాడు. కంట్రాక్టరు ఎక్కడుంటాడంటే, పండగకి ఊరెళ్లాడన్నాడు. లోపలికి పంపేటప్పుడు మెడలో బిళ్ల చూసి, సంచీ తడిమి, చొక్కా ఎత్తి చూసి పంపుతారు. బయటికి రాకపోతే మాత్రం ఆ మనిషి ఎవరో వీళ్లకి తెలియదు. మా బావ రోజుల్లో కనీసం తలుపు కొట్టడానికి ఒక బంట్రోతు ఉండేవాడు. ఇప్పుడు ఆ తలుపు కొట్టేవాడు కూడా లేడు. ఆ మాట కాపలావాడితో తెలుగులోనే అన్నాను. అతనికి అర్థం కాలేదు గానీ నా ముఖం చూసి కాస్త తగ్గాడు. ఎవరినో ఆస్పత్రికి తీసుకెళ్లారని విన్నాను అన్నాడు. ఏ ఆస్పత్రికి? తెలియదు.

తిరిగి వచ్చేసరికి మళ్లీ మంచు దిగుతోంది. అప్ప తలుపు లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. నేను బయట నుంచి పేరు చెప్పాను. తీసింది. పొయ్యి ఆర్పేసి ఉంది. పళ్లెం నిండా అరిసెలు, వాటి మీద గుడ్డ కప్పి ఉంది. టీ కొట్టు మాట ఆమెదాకా అప్పటికే వచ్చేసిందని ముఖం చూడగానే తెలిసింది. ఇలాంటి మాటలు తలుపులు కొట్టవు, గోడల్లోంచి వస్తాయి.

"ఎల్లొచ్చినావా?" అంది.

వెళ్లానన్నాను.

"ఏటన్నారు?"

వాళ్లకేమీ తెలియదన్నాను. ఆమె చేట ముందుకి లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా పీట మీద కూర్చున్నాను. బయట వెలుగు తగ్గుతోంది. ఓడ ఒకటి కూత వేసింది. ఆమె వేళ్లు ఆగాయి, కూత ఆగాక కదిలాయి. అంతలో దూరంగా డోలు. సంఘం వాళ్లు బయలుదేరారు. వాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. లేచి వెళ్లి ఈ ఏడు ఇక్కడికి రావద్దని చెబుదామనుకున్నాను. లేవబోతే అప్ప చెయ్యి ఎత్తి వద్దంది. డోలు దగ్గరైంది. గుమ్మం బయట ఆగింది. చెప్పుల చప్పుడు, సర్దుకుంటున్న చీరల గరగర, ఎవరిదో దగ్గు. తలుపు సందులోంచి మంచు వాసన, కొవ్వొత్తి వాసన వస్తున్నాయి. అప్ప చేట కింద పెట్టి, తలుపు వైపు చూస్తూ, ఏళ్ల తరబడి వింటున్న ఆ మాట కోసం కాచుకుని ఉంది.

బయట నా మనవరాలి గొంతు, సన్నగా, ఎంతో మర్యాదగా పలికింది. "భయపడండి."

గుంపులో ఎవరో "అయ్యో" అన్నారు. ఎవరో పిల్లని సర్దబోయారు. నాకు తల నుంచి కాలిదాకా సెగ పుట్టింది. ఇదిగో, ఇందుకే చెప్పాను, పొరుగు చొక్కా తొడిగితే మాట మన మెడకే చుట్టుకుంటుందని చెప్పాను అని లోపల లోపలే మండిపోతూ లేచాను. అప్ప నాకంటే ముందు లేచింది. తలుపు తియ్యలేదు. తలుపుకి చెవి దగ్గరగా పెట్టి, "ఏటన్నావమ్మా? మళ్లీ సెప్పు" అంది.

పిల్లకి తను తప్పు చెప్పానని తెలియదు. వినిపించలేదేమోననుకుని ఈసారి ఇంకాస్త గట్టిగా, "అమ్మమ్మా, భయపడండి" అంది.

అప్ప గడియ తీసింది. తెల్ల బట్టల్లో దూది రెక్కలతో పిల్ల, దాని వెనక సంఘం అంతా, మంచులో ముఖాలు సగం సగం. అప్ప ప్రతి ఏడులా కొంగు తల మీదికి లాక్కోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి వణకడం అందరూ చూశారు. అంతవరకు ఎవరికీ చూపించని చెయ్యి అది.

"అలగేనమ్మా" అంది పిల్లతో. "బయపడతన్నాను. పొద్దున్నుంచీ బయపడతానే ఉన్నాను." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "సూసినావేట్రా తమ్ముడూ, ఇన్నేళ్లూ వద్దు వద్దన్నోళ్లే గానీ, ఒక్కరూ పడమన్నేదు."

అని మెట్టు మీద కూర్చుండిపోయింది. కూర్చోవడమంటే కూలబడటమే. ఒళ్లంతా వణికిపోతోంది, పళ్లు కొట్టుకుంటున్నాయి. ఏడుపు కాదు. ఎన్నో చలికాలాల వణుకు ఒక్కసారి బయటికి వచ్చినట్టు. నాకు ఆమెని లోపలికి తీసుకుపోవాలనిపించింది గానీ కదల్లేకపోయాను. మొదట కదిలింది బావ రోజుల్లో తన భర్త కూడా రేవులోనే పనిచేసిన ఒక ముసలావిడ. వచ్చి అప్ప పక్కన మెట్టు మీద కూర్చుంది. తర్వాత ఇంకో ఆవిడ కింద నేల మీద కూర్చుంది. ఆ వెనక ఒక్కొక్కరూ, తెల్ల చీరలు ముడుచుకుని ఆ తడి సందులో కూర్చున్నారు. అయ్యగారు ఒక్కడూ కాసేపు నిలబడి, ప్రార్థన చెయ్యడానికి నోరు తెరిచి, ఏమనుకున్నాడో మూసేసి, ఆయనా కూర్చున్నాడు. ఆయన మీద నాకున్న కోపం చాలా భాగం ఆ క్షణంలోనే పోయింది. డోలు వాయించేవాడు డోలు బోర్లా పెట్టి దాని మీద చెయ్యి వేసి ఉంచాడు, పొరపాటున కూడా మోగకుండా. పాట లేదు. వాక్యం లేదు. అందరం ఒక్క భయాన్ని పంచుకుని కూర్చున్నాం. నా మనవరాలు అప్ప ఒళ్లోకి చేరింది. దాని రెక్క ఒకటి వంగిపోయింది.

ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. సందు మొదట్లో వీధి దీపం కింద మంచులో ఒక ఆకారం వచ్చి ఆగింది. ముందుకి రాలేదు. మేం చూస్తున్నాం, అదీ మమ్మల్ని చూస్తోంది. మేనల్లుడు వాడు. చొక్కా మీద నల్లగా మరకలు, చేతిలో ఎవరివో చెప్పులు. తన ఇంటి ముందు సంఘం అంతా తెల్ల బట్టల్లో నేల మీద, పాట లేకుండా, డోలు బోర్లించి కూర్చుని ఉంటే వాడేం అనుకుంటాడు? మా వాళ్లలో ఒక ఇంటి ముందు అలా కూర్చునేది ఒక్క సందర్భంలోనే. ఆడవాళ్ల మధ్య కూర్చున్న తల్లి వాడికి కనిపించలేదు. వాడి ముఖం తెల్లబోవడం ఆ దీపం కింద నాకు స్పష్టంగా కనిపించింది. అడుగు ముందుకి పడటం లేదు.

"మావా," అన్నాడు అక్కడి నుంచే. "మావా, అమ్మకేటయింది?"

నేను జవాబు చెప్పేలోపు అప్ప, ఒళ్లో పిల్లని అలాగే ఉంచుకుని, తల ఎత్తింది.

"బయపడకురా నాయినా," అంది. "నానిక్కడే ఉన్నాను."

ఆ మాట ఎంతో మంది దూతల నోట విన్నాను. తెల్ల బట్టలేసుకున్నవాళ్లు, బాగా వల్లె వేసినవాళ్లు, ఒక్క అక్షరం తప్పు పోనివాళ్లు. అది మాటగా వినపడింది మాత్రం ఆ ఒక్కసారే.

పడింది గంజాం నుంచి వచ్చిన ఒకతను. కాలు నలిగింది, ప్రాణానికి ఫరవాలేదు. అతని వెంట వెళ్లడానికి ఎవరూ లేక మావాడు ఆస్పత్రికి వెళ్లాడట. ఫోను ఓడ మీదే ఉండిపోయి, ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయిందట. ఆ చెప్పులు అతనివి. అవి ఇంటిదాకా ఎందుకు తెచ్చాడో వాడికే తెలియదు. తర్వాత పాట పాడాం. సగం మందికి గొంతు రాలేదు, మిగతా సగం మంది శ్రుతి తప్పారు. అరిసెలు చల్లారి గట్టిపడ్డాయి. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ఇంటికొచ్చాక ఆ అట్టముక్క తీసుకుని చూశాను. కోడలు తప్పు రాయలేదు. అట్ట చిన్నది కావడంతో మాట విరిగింది, "భయపడ" పై వరుసలో, "కుడి" కింది వరుసలో పడ్డాయి. బెంగాలీలో కుడి అంటే ఇరవై. పిల్ల అది ఇరవయ్యో పాట అని గుర్తు కోసం రాశారనుకుంది. అలాంటివి బయటికి చదవకూడదు కదా. మిగిలిన "భయపడ" సగంలో ఆగిపోయినట్టుందని, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు రండి, కూకోండి అనాలని నేనే దానికి నేర్పాను కాబట్టి, మర్యాదగా తనే పూర్తి చేసింది. ఇది వినగానే ఎంతసేపు నవ్వానో, నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడ్చానో నాకు తెలియదు. తెలుగు ఇంట్లో పుట్టి బెంగాలీ బడిలో చదివే పిల్ల తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

అప్ప ఆ తర్వాత మరో రెండు క్రిస్మస్‌లు చూసింది. భయం దాచుకోవడం మానేసింది. ఓడ కూస్తే, "ఇటు రారా, నాకు బయమేస్తంది" అని పిలిచేది. నేను వెళ్లి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మొదటి గడప మాది. ఒక పద్ధతి మాత్రం ఎవరూ పెట్టకుండానే వచ్చింది. మొదటి ఇంటి ముందు గుంపు వెంటనే మాట పలకదు, కాసేపు నేల మీద కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. నేను సరిదిద్దను.

మేనల్లుడు ఇంకా ఆ పనిలోనే ఉన్నాడు. ఈ పూట కూడా మంచు దిగింది, వాడు డ్యూటీలో ఉన్నాడు. నేను ఇది రాస్తూ మధ్య మధ్య ఫోను వైపు చూస్తున్నాను. పక్క గదిలో మనవరాలు ఈ ఏటి దూత వేషం కట్టబోయే పిల్లకి మాట నేర్పుతోంది. పిల్ల అట్టముక్క మీద బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుంటూ "కుడి" దగ్గర ఆగి, ఇది పాట నంబరా అక్కా అని అడిగింది. కాదు, చదువు అంది మనవరాలు. భయపడమనడానికీ వద్దనడానికీ మధ్య తేడా ఆ ఒక్క "కు" అక్షరమే. మా అప్ప నోటికి చేరడానికి ఆ అక్షరానికి ఒక జీవితకాలం పట్టింది, ఈ పిల్ల నోట రేపటికల్లా పలుకుతుంది. అర్థం మాత్రం దాని వంతు డిసెంబర్లన్నీ గడిచాక, ఏదో ఒక మంచు సాయంత్రం, చెప్పా పెట్టకుండా వస్తుంది.